నది దాటించిన మనిషి

మా అత్తయ్యకి మతి తప్పుతోందని తేల్చింది డాక్టరు కాదు, కళ్లజోళ్లు అమ్మే పెద్దమనిషి. ఈ సంగతి నేను చల్లగా చెప్పలేను, ముందే అనేస్తున్నాను. డ్రైవింగ్ స్కూల్లో రోజంతా పక్క సీట్లో కూర్చుని, ఎదురుగా లారీ మీదికొస్తున్నా 'మెల్లగా, ఎడమకి, కంగారేం లేదు' అని చెప్పడం నా ఉద్యోగం. నా దగ్గరున్న ఓర్పంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఇంటికొచ్చేసరికి మిగిలేది కోపమే.

ఆ పెద్దమనిషి కొట్టు మేడ మీద ఒక పొడవాటి గది ఉంది. ఒక గోడకి పైనుంచి కిందికి చిన్నవైపోయే అక్షరాల అట్ట, ఇంకో గోడకి మెరుగు పోయిన అద్దాలు, మధ్యలో మడత కుర్చీలు. నెలకో ఆదివారం పొద్దున్న అక్కడ మా చరిత్ర చదువరుల సంఘం కూర్చుంటుంది. దాన్ని మొదలుపెట్టింది అత్తయ్యే. ఆడపిల్లల బళ్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాక ఆవిడకి వినేవాళ్లు కరువయ్యారు. కొడుక్కి చెప్తే ఆవులిస్తాడు, గోడకి చెప్తే జవాబు రాదు. అందుకని చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లని ఒక్కొక్కళ్లనే పోగేసింది. నేను కోడలిగా వచ్చి, ఆవిడకి తోడుగా వెళ్లి, చివరికి నేనూ ఆ పిచ్చిలో పడ్డాను. గది ఇచ్చాడన్న మొహమాటంతో కార్యదర్శి పదవి మాత్రం కళ్లజోళ్లాయనకి కట్టబెట్టింది. ఆ మొహమాటమే మా కొంప ముంచింది.

'ఇప్పుడేం చదువుతున్నారు' అనే ప్రశ్నతో సమావేశం మొదలవుతుంది. రైల్వేలో గార్డుగా చేసిన బాబాయిగారు యుద్ధాలు తప్ప ఇంకేమీ ముట్టరు, అందులోనూ ఓడిపోయినవాళ్లు రాసుకున్న జ్ఞాపకాలే కావాలి. మందుల షాపావిడకి అంటువ్యాధుల చరిత్ర ఇష్టం. భోజనాల ముందు చెప్పొద్దమ్మా అని బతిమాలినా వినదు. ఇంకొకాయన ఉప్పు ఏ దారిన ఏ దేశం వెళ్లిందో ఏళ్ల తరబడి చదువుతున్నాడు, ఆ ఉప్పు ఇంకా చేరనేలేదు. అత్తయ్యకి మాత్రం సరిహద్దు నవలలంటే ప్రాణం. ఉన్న ఊరు వదిలి, బళ్లు కట్టుకుని, పేరు తెలియని నది దాటి, అడవి కొట్టి కొత్త ఊళ్లు లేపినవాళ్ల కథలు. "కోట ఎప్పుడు కట్టారో చరిత్ర పుస్తకంలో ఉంటుంది. అంతకుముందు అక్కడ ఎవరి పొయ్యి వెలిగేదో నవలలోనే ఉంటుంది" అనేది.

సంఘానికి ఒక నియమం ఉంది. ఎవరైనా ఒక మాట అంటే దానికి మూడు ఆధారాలు చూపించాలి. చూపించలేకపోతే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఈ నియమం పెట్టింది కూడా అత్తయ్యే. రాజుగారి గుర్రం రంగు దగ్గర్నుంచి కోటగోడ ఎత్తు దాకా, ఆ గదిలో 'మూడు చూపించు' అనే మాట వినబడని ఆదివారం లేదు.

పోయినేడు అందరి చేతుల్లోకీ ఇ-రీడర్లు వచ్చాయి. వాటిని తెప్పించిందీ, పుస్తకాలు ఎక్కించి ఇచ్చిందీ కార్యదర్శే. అత్తయ్య దాన్ని పలక అంటుంది, ఆవిణ్ణి చూసి సంఘమంతా అలాగే అంటోంది. ఆవిడ కళ్లకి మామూలు అచ్చు ఆనడం మానేసి చాలా కాలమైంది. పలకలో అక్షరాన్ని రేగిపండంత పెద్దది చేసుకోవచ్చని తెలిశాక ఆవిడ సంబరం చూడాలి. పేజీకి పట్టుమని పది మాటలు పట్టవు, తిప్పీ తిప్పీ బొటనవేలు నొప్పెడుతుంది, అయినా వదలదు. "పోయాయనుకున్న పుస్తకాలన్నీ తిరిగొచ్చాయే అమ్మాయ్" అంది ఒకరోజు. ఆ మాటకి నేను కళ్లజోళ్లాయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అదీ చెప్పాలిగా.

ఏటా ఒకసారి పెద్ద హాలు తీసుకుని బయటివాళ్లని కూడా పిలిచి సభ పెడతాం. ఈసారి విషయం సరిహద్దు నవలలు, ప్రసంగం అత్తయ్యది. సభ్యులందరూ ఒకే నవల చదివి రావాలని అనుకున్నారు. నది అవతల స్థిరపడిన మొదటి కుటుంబాల కథ అది. అత్తయ్య దాన్ని పెళ్లికి ముందు అచ్చుపుస్తకంలో చదివింది. ఆ తర్వాత బళ్లో ఎంతమంది పిల్లలకి నోటితో చెప్పిందో లెక్కలేదు. అందుకే ఈసారి మళ్లీ చదవలేదు. "నాకు కంఠస్థం. ఆ కళ్లేవో కొత్త పుస్తకాలకి వాడుకుంటాను" అంది.

సభకి నెల ముందటి ఆదివారం అందరూ ఆ నవల గురించే మాట్లాడుతున్నారు. కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ తేనె పూసినట్టే ఉంటుంది, కళ్లజోడు ఖరీదు చెప్పినా నొప్పి తెలియదు. "నది దాటే ఘట్టం చూశారా? ఎవరి సాయమూ లేదు. తమ చేతులతో తామే తెప్ప కట్టుకుని దాటారు. అదీ మనిషంటే" అన్నాడు.

అత్తయ్య నవ్వింది. "తెప్పేమిటి నాయనా? వాళ్లని దాటించింది పడవావిడ కదా. ఆ ఏటి ఒడ్డు మనిషి. చలికాలమంతా బండి వెనక బండి దాటించింది. వాళ్ల కోట లేచాక వాళ్లే ఆవిడ పడవ తగలబెట్టారు."

మందుల షాపావిడ అటూ ఇటూ చూసి, "పడవావిడ ఎవరండీ?" అంది.

"అదేమిటి, సగం నవల ఆవిడేగా" అంది అత్తయ్య.

ఇక పలకలు బయటికొచ్చాయి. 'పడవ' అని కొట్టి వెతికారు. బాబాయిగారి దాంట్లో లేదు. మందుల షాపావిడ దాంట్లో లేదు. ఉప్పాయన దాంట్లో లేదు. బళ్లో హాజరు పిలిచినట్టు ఒక్కొక్కళ్లే 'లేదు', 'నాదాంట్లోనూ లేదు' అంటున్నారు. అత్తయ్య తన పలక నా చేతికిచ్చి, "నువ్వు చూడు అమ్మాయ్, నీకు బాగా వచ్చు" అంది. చూశాను. అందులోనూ లేదు. నది దగ్గర తెప్ప ఉంది, తాళ్లు ఉన్నాయి, దుంగలు ఉన్నాయి, ఆడమనిషి ఊసే లేదు.

కార్యదర్శి కుర్చీ దగ్గరికి జరుపుకుని, చిన్నపిల్లకి ఇంజెక్షన్ వేసే ముందు మాట్లాడినట్టు మాట్లాడాడు. "అమ్మగారూ, మూడు ఆధారాలు అన్నది మీరే. ఇక్కడ ఎనిమిది ఉన్నాయి. ఇంకేదో నవల ఇందులో కలిసిపోయి ఉంటుంది. ఈ వయసులో సహజమే. ఇందులో తప్పేం లేదు."

అత్తయ్య ఏదో అనబోయి ఆగింది. తన పలక వైపు చూసింది, చుట్టూ ఉన్న మొహాల వైపు చూసింది. "అయ్యుంటుంది" అంది.

మూడు ఆధారాలు లేనిదే సూర్యుడు తూర్పున పొడిచాడంటే కూడా ఒప్పుకోని మనిషి, తనకి ఉన్న ఒక్క జ్ఞాపకాన్ని అందరి ముందూ వదిలేసుకుంది. వాళ్లేమో జాలిగా తలలూపుతున్నారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ నేర్పితేనే కదా వీళ్లకి ఆధారం అనే మాట తెలిసింది.

మేం ఇంటికి చేరేలోపే కార్యదర్శి మా ఆయనకి ఫోన్ చేసేశాడు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. చెడ్డవాడు కాదు. కానీ ఎక్కడ చిన్న తేడా కనబడినా ముందు ఆపేసి 'పనిచేయుట లేదు' అని బోర్డు తగిలించడం ఆయనకి అలవాటు. తల్లికీ అదే బోర్డు తగిలించాడు. మతిమరుపు చూసే డాక్టరు దగ్గర పేరు రాయించాడు, సభలో మాట్లాడనక్కర్లేదని కార్యదర్శితో చెప్పేశాడు. "అమ్మ నలుగురిలో నవ్వులపాలు కాకూడదు కదా" అన్నాడు నాతో.

"నలుగురిలో కాదు, ఎనిమిదిమందిలో ఇవాళే చేశారు" అన్నాను.

"నువ్వు ప్రతిదానికీ కస్సుమంటావు" అన్నాడు.

ప్రసంగం ఎవరికి వెళ్లిందో వేరే చెప్పాలా? కళ్లజోళ్లాయనకే.

ఆ తర్వాత అత్తయ్య మాట మారిపోయింది. కోపం తెచ్చుకుంటే బాగుండేది. ఆవిడ కోపం తెచ్చుకోలేదు, జాగ్రత్తపడింది. ఏ మాట మొదలుపెట్టినా సగంలో ఆపి, 'నిజమేనా? ఒకసారి చూసి చెప్పవే' అనేది. మా పెళ్లిలో వాన కురిసిన సంగతి చెప్తూ, కురిసిందా లేదా అని నన్నే అడిగింది. ఆ వానలో తడిసింది తనే. కూరలో ఉప్పు తనే వేసి, వేశానా అని అడిగేది. పలక ముట్టుకోవడం మానేసింది. చదివితే గుర్తుండనప్పుడు చదవడం దేనికి అంది. ఉన్న మతిని ఎవరూ ఎత్తుకుపోనక్కర్లేదు, పోయిందని మర్యాదగా నమ్మిస్తే చాలు, మనిషి తనంతట తనే కూలబడిపోతుందని నాకు అప్పుడు తెలిసింది.

ఒక మధ్యాహ్నం లైసెన్సు పరీక్షలు పెట్టే మైదానం బయట కారాపుకుని కూర్చున్నాను. బేకరీ నడిపే ఒకాయన నా దగ్గర బండి నేర్చుకుంటున్నాడు, ఇంకా రాలేదు. అత్తయ్య పలక నా సంచిలో ఉంది. ఆ నవల మొదటినుంచీ చదివితే పడవావిడ వేరే పేరుతోనైనా తగులుతుందేమోనని నాలుగో అధ్యాయంలో ఉన్నాను. ఉన్నట్టుండి తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. 'మీరు ఇంకో పరికరంలో పదిహేడో అధ్యాయం దాకా చదివారు. అక్కడికి వెళ్తారా?' అని.

ఎవరు చదివారు? అత్తయ్య పలక నా చేతిలోనే ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఆ రెండో పరికరం పేరు ఉంది. కార్యదర్శిది.

నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు, తర్వాత మొత్తం ఒక్కసారే అర్థమైంది. సంఘానికంతటికీ ఒకే ఖాతా. ఒకే పేరు మీద ఒకసారి కొన్న ఒక్క పుస్తకాన్ని ఎనిమిది పలకల్లో ఎక్కించి ఇచ్చాడు. మరి అవి ఎనిమిది ఆధారాలు ఎలా అవుతాయి? ఒక్కటే ఎనిమిది నోళ్లతో 'లేదు, లేదు' అంది. శాసనాలకి నకలు ఎవరు తీశారు, ఎవరిది చూసి ఎవరు రాశారు అని గంటల తరబడి కొట్టుకునే ఈ మహానుభావులకి చేతిలో ఉన్నది ఏమిటో చూసుకోవాలనిపించలేదు. నిజానికి అచ్చుపుస్తకమైతే అట్ట తీయందే లోపలికి వెళ్లలేం. పలక అలా కాదు, తెరవగానే మొదటి అధ్యాయంలో దింపేస్తుంది. నేను వెనక్కి తిప్పాను. మొదటి అధ్యాయానికి వెనక, విషయసూచికకీ వెనక, నవల పేరు కింద సన్నగా ఉంది, 'చిన్న పాఠకుల కోసం కుదించినది' అని.

అక్కడికక్కడే నా ఫోన్లో పూర్తి నవల కొన్నాను. 'పడవ' అని వెతికితే ఎన్నిచోట్ల వచ్చిందో చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు అది. ఉక్రోషం.

బేకరీ ఆయన వచ్చి సీటు బెల్టు పెట్టుకుంటూ, "ఇవాళ రివర్సు నేర్పుతానన్నారు" అన్నాడు.

"ఇవాళ తిన్నగా వెళ్దాం. కళ్లజోళ్ల కొట్టుకి పోనివ్వండి" అన్నాను. నా మొహం చూసి పాపం ఆయన బండి స్టార్టు చేశాడు. మొదటిసారి బండి ఒక్కసారి కూడా ఆగకుండా నడిపాడు.

కొట్లో ఇద్దరు ముగ్గురు అద్దాల ముందు నిలబడి ఫ్రేములు పెట్టుకుని చూసుకుంటున్నారు. కార్యదర్శి బల్ల వెనక ఉన్నాడు. ఫోనూ పలకా రెండూ ఆయన ముందు పెట్టాను. ఆయన వాటిని ఒకసారి చూసి, ఒక అద్దం తీసుకుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఆ ఆదివారం సాయంత్రమే చెల్లెమ్మా" అన్నాడు.

బుకాయిస్తాడనుకుని గొడవకి సిద్ధమై వెళ్లినదాన్ని. అంత నిమ్మళంగా ఒప్పేసుకున్నాడు. ఆయనే అందుకున్నాడు. "అమ్మగారు అంత గట్టిగా అనేసరికి అనుమానం వచ్చింది. వెనక్కి తిప్పి చూస్తే చిన్నపిల్లల ప్రతి. పొరపాటున అది కొన్నాను. చెప్దామనే అనుకున్నాను. ఈలోగా మీవారు డాక్టరుకి చూపిస్తానన్నారు. చూపించుకోవడం మంచిదే కదా, ఆ వయసులో. ఆహ్వానాలు కూడా వెళ్లిపోయాయి. నా ప్రసంగమంతా ఆ తెప్ప మీదే రాసుకున్నాను. ఇప్పుడు మారిస్తే సంఘం పరువేం కాను?"

"అంటే ఆవిణ్ణి మతిలేనిదాన్ని చేసి, ఆ తెప్పెక్కి మీరు ఒడ్డున పడదామనుకున్నారు."

"కొంచెం మెల్లగా మాట్లాడు చెల్లెమ్మా. కొట్లో మనుషులున్నారు."

"ఉండనివ్వండి. కళ్లు సరిగ్గా కనబడాలనేగా మీ దగ్గరికొచ్చారు."

అద్దం దగ్గరున్న ఒకావిడ పెట్టుకున్న ఫ్రేము తీసి మెల్లగా బల్ల మీద పెట్టేసింది. ఆయన మొహం మాడ్చుకున్నాడు. అయినా గొంతులో తేనె తగ్గలేదు. "ఈ ఏటికి ఇలా పోనివ్వండి. వచ్చే ఏడు అమ్మగారికి ఘనంగా సన్మానం చేద్దాం" అన్నాడు.

సన్మానమట. తల తీసేసి టోపీ పెడతానన్నట్టుంది. నేను చెయ్యి ఎత్తలేదు, అది నా మంచితనం అనుకోకండి. బయట బేకరీ ఆయన బండిని నడిరోడ్డు మీద ఆపాడు, వెనక హారన్లు మోగుతున్నాయి.

ఇంటికొచ్చి ముందు మా ఆయన్ని పట్టుకున్నాను. అంతా విని ఆయన నీళ్లు నమిలాడు. "అయితే అమ్మ కరెక్టే అన్నమాట" అన్నాడు. వెంటనే, "పోనీ డాక్టరుకి ఎలాగూ పేరు రాయించాం కదా, ఒకసారి..." అన్నాడు.

"ముందు ఆ బోర్డు తీసెయ్యండి" అన్నాను. ఏ బోర్డు అని అడగలేదు. ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లి, ఆసుపత్రికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాడు.

అత్తయ్య తన గదిలో మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టినవే మళ్లీ విప్పి మడతపెడుతోంది. నేను పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను, కార్యదర్శి అన్న మాటలతో సహా. ఆవిడ ఆనందపడుతుందనుకున్నాను. ఆవిడ నన్ను నమ్మలేదు.

"నా మనసు కుదుటపడాలని అంటున్నావు" అంది.

ఫోన్లో అధ్యాయం తీసి చదవడం మొదలుపెట్టాను. పొగమంచు, ఒడ్డున బళ్లు, చలికి వణికే పిల్లలు. అవతలి నుంచి గెడ చప్పుడు. అత్తయ్య చేతుల్లోని తువ్వాలు అలాగే ఆగిపోయింది.

"ఆగు. పడవ రంగు చెప్పకు, నేను చెప్తాను. నలుపు. తారు పూసి ఉంటుంది. ముక్కు దగ్గర ఒక చెక్క మాత్రం కొత్తది, తెల్లగా కనబడుతుంది. ఉందా?"

పేజీ తిప్పాను. ఉంది. నల్ల పడవ, తారు, ముక్కు దగ్గర తెల్లచెక్క. ఉందని తలూపాను.

అత్తయ్య తువ్వాలుతో మొహం కప్పుకుంది. కాసేపటికి తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మాత్రం బళ్లో చివరి బెంచీదాకా వినబడే పాత గొంతే. "చాలు. ఇక చదవకు. మిగతాది నాకు తెలుసు."

"సభలో వాడి పని పడతాను అత్తయ్యా. లేచి అందరి ముందూ కడిగేస్తాను."

"నువ్వు నోరు తెరవొద్దు. నువ్వు అరిస్తే నీ కోపం గురించి చెప్పుకుంటారు గానీ నా మాట గురించి చెప్పుకోరు. నా పక్కన కూర్చో, అంతే."

సభ రోజున హాలు నిండింది. కార్యదర్శి తెప్ప గురించి మాట్లాడాడు. స్వయంకృషి అన్నాడు, ఎవరికీ చెయ్యి చాచని జాతి అన్నాడు. మమ్మల్ని చూడనట్టే మాట్లాడాడు. నేను ఆయన చెప్తున్నంతసేపూ కుర్చీ కింద నేలని తొక్కుతూనే ఉన్నాను, డ్రైవింగ్ స్కూలు కార్లో ఉన్నట్టు ఇక్కడ నా వైపు ఇంకో బ్రేకు లేనందుకు మొదటిసారి బాధపడ్డాను. చివర్లో మామూలుగా, "ఎవరికైనా ప్రశ్నలుంటే అడగొచ్చు" అన్నాడు.

అత్తయ్య లేచి, వేదిక మెట్లెక్కి మైకు దగ్గరికి నడిచింది. మైకు ఆవిడకి ఎత్తయింది. బాబాయిగారు పరుగున వచ్చి కిందికి దించారు.

"నాకు మతి తప్పిందని ఇక్కడ కొందరికి తెలుసు" అంది. హాల్లో కుర్చీల చప్పుడు ఆగిపోయింది. "సంఘం వాళ్లు మీ పలకలు పైకెత్తండి."

ఒక్కొక్కటే లేచాయి. మందుల షాపావిడది అన్నిటికంటే ఆలస్యంగా లేచింది.

"మొదటి అధ్యాయానికి వెనక్కి తిప్పండి. ఇంకా వెనక్కి. గార్డుగారూ, అక్కడ ఏముందో గట్టిగా చదవండి."

బాబాయిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "చిన్న పాఠకుల కోసం కుదించినది" అని చదివి, ఇంకోసారి తనలో తను చదువుకుని, కుర్చీలో కూర్చుండిపోయారు.

"ఒక్కసారి కొన్న ఒక్క పుస్తకం ఇది. ఒకరిది చూసి ఒకరు ఎత్తి రాసుకున్నవి ఎన్నున్నా అది ఒక్క ఆధారమేనని మొదటి సమావేశంలోనే చెప్పాను. మీరు రాసుకున్నారు కూడా. ఆ ఆదివారం నా మీద నిలబడ్డ సాక్షులు ఎనిమిదిమంది కాదు, ఒక్కరు. ఆ ఒక్కరికీ కథ సగమే తెలుసు."

కార్యదర్శి లేచాడు. "అమ్మగారు క్షమించాలి, ఏదో పొరపాటు జరిగింది, సంఘం తరఫున నేను..."

"కూర్చో నాయనా. ఆదివారం పొద్దున్న జరిగింది పొరపాటు. సాయంత్రం నుంచీ నువ్వు చేసినదానికి వేరే పేరుంది. నువ్వూ చరిత్ర చదివేవాడివే, నేను చెప్పనక్కర్లేదు."

ఆయన కూర్చున్నాడు. పక్కనున్నాయన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మాట ఇచ్చాను కాబట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అత్తయ్య చేతిలో కాగితం ముక్క కూడా లేదు. పడవావిడ కథ మొదలుపెట్టింది. ఆ చలికాలం, గడ్డకట్టిన తాళ్లు, దాటించినందుకు కూలి బదులు సూదీ దారం అడగడం, ఒక చంటిదాన్ని తన రవిక లోపల పెట్టుకుని వెచ్చగా అవతలికి చేర్చడం. హాలు హాలంతా ఆవిడతో నది మీద ఉంది. తర్వాత కోట లేచింది. ఇక కొత్తవాళ్లు రాకూడదని, ఉన్నవాళ్లు వెళ్లకూడదని పెద్దలు కూడబలుక్కున్నారు. ఒక పొద్దున్న పడవకి నిప్పు పెట్టారు.

"పుస్తకంలో వాళ్లు పడవ కాల్చారు. కుదించినవాళ్లు మనిషినే తీసేశారు. తెప్ప కట్టుకుని వచ్చామంటే ఎవరికీ రుణపడి ఉండనక్కర్లేదు చూడండి, అందుకు" అంది. "పడవ మండుతుంటే ఆమె ఒడ్డున నిలబడింది. ఎవర్నీ తిట్టలేదు. ఒక్క మాట అంది."

అని, ఆగిపోయింది.

మొదట అది కథలో విరామమే అనుకున్నాను. కాదు. ఆవిడ పెదవులు కదిలాయి, మాట రాలేదు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎక్కడెక్కడో ఫోన్లు వెలిగాయి, ఎవరో సంచి తెరిచారు. కార్యదర్శి తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చినా మర్చిపోను. అందులో ఆశ ఉంది.

నా ఫోన్లో ఆ అధ్యాయం తెరిచే ఉంది. మా ఆయన నా చెవిలో, "అందించు, అందించు" అంటున్నాడు.

అత్తయ్య అరచెయ్యి పైకెత్తింది. "ఎవరూ వెతకొద్దు. వస్తుంది."

పైన ఫ్యాను తిరిగే చప్పుడు వినబడుతోంది. వెలిగిన ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఎంతసేపు అలా ఉన్నామో నాకు తెలియదు, నా జన్మలో ఏ పరీక్ష దగ్గరా అంత గట్టిగా ఊపిరి బిగపట్టలేదు. ఆవిడ కళ్లు మూసుకుంది. తర్వాత తెరిచి, మొదటి వరసని నేరుగా చూస్తూ చెప్పింది.

"'మిమ్మల్ని ఇటు దాటించింది నేను. రేపు మీలో ఎవరికైనా వెనక్కి వెళ్లాలనిపిస్తే ఎవర్ని పిలుస్తారు?' అంది."

మైకు వదిలేసి అత్తయ్య మెట్లు దిగుతోంది. బాబాయిగారు లేచి నిలబడ్డారు, ఆయన్ని చూసి ఇంకొందరు లేచారు. మా ఆయన నా మోచెయ్యి తట్టి, నా ఒళ్లోని ఫోన్ వైపు వంగాడు.

"చూడు, అలాగే ఉందా?"

నేను ఫోన్ ఆపేసి సంచిలో పడేశాను.

"అత్తయ్య చెప్పింది కదా" అన్నాను.